తరువాతి పేజీ కూడా చదవాలె
(దెందులూరులో చేసిన ప్రసంగ పాఠం)

 మా దిక్కు శనార్తులు అంటాం, మీ దిక్కు నమస్కారం అంటారు. చేతులు జోడించడం మాత్రం రెండు దిక్కులా ఒక్కటే.

తెలంగాణ కోసం రోడ్డెక్కినవాళ్ళం, ఆ ఉద్యమం కోసమే ఒక వారపత్రిక నడిపినవాళ్ళం, దెందులూరుకు వచ్చి మైకు పట్టుకోవడం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మమ్మల్ని సాగనంపిన మా మిత్రులకూ అనిపించింది. అందుకే ఎందుకు వచ్చామో ముందు చెప్తాం. ఒక అప్పు తీర్చడానికి వచ్చాం. పైసల అప్పు కాదు, ఒక పోస్టుకార్డు అప్పు.

2013లో సంగతి. రాష్ట్రం వస్తుందా రాదా అని ఊరూవాడా ఊపిరి బిగబట్టిన రోజులు. హైదరాబాద్ ఎవరిది అన్నదే అన్ని చర్చలకూ ముడి. మేం రాకముందు అక్కడ ఏముంది, రాళ్ళూ రప్పలూ తప్ప అని అటువైపు నుంచి ఒక మాట. మా నగరం మీరు రాకముందే మహానగరం అని ఇటువైపు నుంచి ఒక జవాబు. ఆ జవాబుకు సాక్ష్యం కావాలి. మా పత్రికలో మేం ముగ్గురం నలుగురం డిగ్రీలు చదివినవాళ్ళం, ఉద్యమంలో లాఠీదెబ్బలు తిన్నవాళ్ళం. చరిత్రలో పట్టా ఉన్నవాళ్ళం మాత్రం కాదు. అయినా వెతికాం. దొరికింది. ఏనుగుల వీరాస్వామయ్య రాసిన కాశీయాత్ర చరిత్ర.

1830లో హైదరాబాద్ చూసిన మనిషి. తెలుగువాడు. పైగా మద్రాసువాడు, మావాడు కాదు. మావాడు కానివాడు మా నగరం గొప్పదని చెప్తే అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? హుస్సేన్‌సాగర్ గురించి, రెసిడెన్సీ భవనం గురించి, బేగంబజారు వర్తకం గురించి ఆయన చెప్పిన విషయాలు ఏరుకొని ఒక వ్యాసం అచ్చేశాం. చదివినవాళ్ళు చప్పట్లు కొట్టారు. కరపత్రంగా వేసి పంచినవాళ్ళూ ఉన్నారు.

పది రోజులకు ఒక కార్డు వచ్చింది. ఈ దెందులూరు మండలం నుంచే. రాసింది రిటైరైన బడిపంతులు. మీరు మాస్టారు అంటారు, మేం సార్ అంటాం. కార్డులో తిట్టు లేదు, ఎగతాళి లేదు. వ్యాసం బాగుందని మొదటి వాక్యం. పత్రిక దొరికితే చదువుతుంటానని రెండో వాక్యం. మూడో వాక్యం ఇది: తరువాతి పేజీ కూడా చదవండి బాబూ.

తరువాతి పేజీ మేం చదివే ఉన్నాం. అదే కదా అసలు తప్పు. చదివి, మూసేశాం. ఆ కార్డును అచ్చు వెయ్యలేదు. కొట్లాట నడుస్తున్నప్పుడు ఎదుటివాడి చేతికి రాయి ఇస్తామా అనుకున్నాం. కార్డు సొరుగులోకి పోయింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సంబురం చేసుకున్నాం. కార్డు సొరుగులోనే ఉండిపోయింది. పదేళ్ళు దాటినంక పాత కాగితాలు సర్దుతుంటే మళ్ళీ కండ్లపడ్డది. అప్పటి నుంచీ వీరాస్వామయ్యను మళ్ళీ మొదటి నుంచీ చదువుతున్నాం. ఈసారి వాడుకోవడానికి కాదు, తెలుసుకోవడానికి. ఆ తెలుసుకున్నదే ఇవాళ మీ ముందు పెడుతున్నాం.

ఎవరీ వీరాస్వామయ్య? మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్. మన మాటలో పెద్ద దుబాసీ. వకీలు కాదు, జడ్జీ కాదు. కానీ ఆయన నోరు విప్పకపోతే వకీలు వాదన నడవదు, జడ్జీ తీర్పు కదలదు. 1830 మే 18న పరివారంతో మద్రాసు నుంచి బయల్దేరాడు. కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకొని, కృష్ణ దాటి, పాలమూరు నేల మీదుగా హైదరాబాద్ చేరాడు. అక్కడి నుంచి ఉత్తర తెలంగాణ మీదుగా నాగపూర్, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా. తిరుగు దారిలో జగన్నాథం, గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి. 1831 సెప్టెంబర్ 3న మళ్ళీ మద్రాసు. మొత్తం 15 నెలల 15 రోజులు. దారిపొడుగునా చూసింది చూసినట్టు రాసి మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపాడు. వీరాస్వామయ్య 1836లో కన్నుమూశాడు. ఆయన పోయిన రెండేళ్ళకు, 1838లో, ఆ మిత్రుడే దాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. తెలుగులో యాత్రా గ్రంథం అంటే ఇప్పటికీ ముందుగా చెప్పుకొనేది దాన్నే.

ఆ దారి ఎట్లాంటి దారో ఒక్కసారి తలచుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, ముగిసింది 1852లో. అంటే వీరాస్వామయ్య గోదావరి దాటిన నాటికి ఆనకట్ట లేదు. ఇవాళ మీ పొలాలకు నీళ్ళిచ్చే కాలువలు లేవు. రైలు మాటే లేదు. ఆయన మద్రాసు చేరిన మరుసటి ఏడాదే, 1832–33లో, నందన కరువు వచ్చింది. గుంటూరు సీమ శ్మశానమైంది. కోస్తా అంటే మొదటి నుంచీ పచ్చని చేలే అని మా దిక్కు అనుకునేవాళ్ళకు ఈ మాట చెప్పాలి. తెలంగాణ అంటే మొదటి నుంచీ రాళ్ళే అని మీ దిక్కు అనుకునేవాళ్ళకు ఆ పుస్తకంలోని హైదరాబాద్‌ను చూపాలి. ఇద్దరికీ అదే పుస్తకం.

ఇక ఆ మనిషి బతుకును వెతికే పని. ఆ పనిలో మాకంటే ముందు నడిచినవాళ్ళు ఇద్దరున్నారు. చిత్రం ఏమిటంటే ఇద్దరూ న్యాయశాస్త్రం చదివినవాళ్ళే.

మొదటాయన మీ దిక్కువాడు. బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావు. 1838 తర్వాత ఆ పుస్తకం 1869లో ఒకసారి అచ్చయింది.  శివరావు గారు 1941లో దాన్ని మళ్ళీ వెలికితీశారు. ఊరికే అచ్చు వెయ్యలేదు. వీరాస్వామయ్య ఎవరు, ఎక్కడ పనిచేశాడు, ఎవరితో స్నేహం చేశాడు అని ఆనవాళ్ళు కూడగట్టి జీవిత విశేషాలతో పీఠిక రాశారు. కోర్టులో కేసుకు కాగితాలు కూర్చినట్టు ఒక చచ్చిపోయిన మనిషి బతుకును కూర్చారు. 1830 నాటి మా హైదరాబాద్ మా చేతికి వచ్చిందంటే ఆ బెజవాడ వకీలు చలువ. 2013లో మా వ్యాసంలో ఆయన పేరు వెయ్యలేదు. ఇవాళ వేస్తున్నాం.

రెండో ఆయన మా దిక్కువాడు. సురవరం ప్రతాపరెడ్డి. ఆయనా న్యాయశాస్త్రం చదివినవాడే. 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు 1934లో గోలకొండ కవుల సంచిక వేసి జవాబు చెప్పాడు. ఆ సురవరమే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు వీరాస్వామయ్య యాత్రను ఆధారంగా తీసుకున్నాడు. గుర్తుపెట్టుకోండి, తెలంగాణ ఆత్మగౌరవానికి మేం మొక్కే సురవరమే మొత్తం తెలుగువాళ్ళ చరిత్ర రాశాడు. ఎదుటివాడు అవమానిస్తే ఎట్లా జవాబు చెప్పాలో ఆయన నుంచి నేర్చుకున్నాం. చరిత్ర రాసేటప్పుడు ఎంత దూరం చూడాలో నేర్చుకోలేదు.

ఇప్పుడు దుబాసీ పని గురించి రెండు మాటలు చెప్పాలి. అది తెలియకపోతే వీరాస్వామయ్య తెలియడు.

ఆ రోజుల్లో మద్రాసులో రెండు తీర్ల పెద్ద కోర్టులు ఉండేవి. ఒకటి రాజుగారి కోర్టు, 1801లో మొదలైన సుప్రీంకోర్టు. మద్రాసు పట్నం దాని ఇలాకా. రెండోది కంపెనీ వారి సదర్ అదాలత్. జిల్లాల నుంచి వచ్చే అప్పీళ్ళు దానికి పోయేవి. 1862లో ఈ రెండూ కలిసి మద్రాసు హైకోర్టు అయ్యాయి. వీరాస్వామయ్యది సుప్రీంకోర్టు. ఆయన కాలంవాడే ఇంకొక తెలుగువాడు, ఒంగోలు బిడ్డ వెన్నెలకంటి సుబ్బారావు, 1815 నుంచి 1829 దాకా సదర్ అదాలత్‌లో ట్రాన్స్‌లేటరు, ఇంటర్‌ప్రెటరు. ఆయన తన బతుకు కథను తానే ఇంగ్లీషులో రాసుకున్నాడు. పోయిన చాలా ఏండ్లకు, 1873లో, ఇంటివాళ్ళు అచ్చు వేయించారు. ఒకే నగరం, ఒకే కాలం, ఒకే తీరు కొలువు. ఒకాయన లోకం గురించి రాశాడు, తన గురించి కొద్దిగా చెప్పాడు. ఇంకొకాయన తన గురించి రాసుకున్నాడు. మొదటాయన కొలువు బతుకు ఎట్లా ఉండేదో ఊహించాలంటే రెండో ఆయన పుస్తకం కూడా పక్కన పెట్టుకోవాలి. ఒక మనిషి జీవితం వెతకడమంటే ఆ మనిషి కాగితాలు ఒక్కటే వెతకడం కాదని మాకు అక్కడ అర్థమైంది.

కోర్టులో ఏం జరిగేది? జడ్జీకి తెలుగు రాదు. బోనులో నిలబడ్డ మనిషికి ఇంగ్లీషు రాదు. మధ్యలో దుబాసీ. సాక్షి పది మాటలు చెప్తాడు. దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెప్తాడు. జడ్జీ చెవిన పడేది దుబాసీ మాటే. కాగితం మీద నిలిచేదీ ఆ మాటే. ఒక్క మాట మింగేస్తే పొలం పోతుంది. ఒక్క మాట కలిపితే మనిషి జైలుకు పోతాడు. అందుకే దుబాసీకి ప్రమాణం ఉంటుంది. విన్నది విన్నట్టు, మొత్తం చెప్పాలి. నచ్చింది చెప్పి నచ్చంది మింగడానికి వీల్లేదు.

మిత్రులారా, అట్లాంటి కొలువు చేసిన మనిషి వాంగ్మూలాన్ని తీసుకొని మేం ఏం చేశాం? సగం చదివాం. సగం మింగాం. దుబాసీ చెయ్యకూడని పని దుబాసీకే చేశాం.

మింగిన సగం ఏమిటి? హైదరాబాద్ చెరువునూ వర్తకాన్నీ చూసిన ఆ కండ్లే ఆ నగరంలో ఆయుధాలు పట్టుకొని తిరిగే మనుషులనూ చూశాయి. ప్రాణానికి భరోసా లేని తనాన్ని చూశాయి. పేష్కార్ చందూలాల్ చేతిలో ఉన్న పాలనను చూశాయి. ఆ కాలంలో నిజాం రాజ్యంలో శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేవారు. ఎక్కువ పాడినవాడికి పరగణా. పాడినవాడు పెట్టిన సొమ్మును రైతు నడ్డి మీద రాబట్టుకునేవాడు. ఇది మా చరిత్ర. మా తాతల తాతల వీపు మీది చరిత్ర. దాన్ని మేమే దాచాం. నగరం గొప్పదని రుజువు చెయ్యబోయి, ఆ నగరాన్ని మోసిన ఊళ్ళ గోసను పక్కకు పెట్టాం. ఊళ్ళ గోస చెప్పడానికి పుట్టిన ఉద్యమం చెయ్యాల్సిన పనా అది?

అట్లని రెండో సగాన్ని మాత్రమే పట్టుకొని, చూశారా, మేం రాకముందు అక్కడ అంతా అరాచకమే అన్నవాళ్ళు నిజం చెప్పినట్టా? వాళ్ళూ సగమే చదివారు. వాళ్ళు మింగిన సగం వేరు, అంతే తేడా.

సరే, మొత్తం చదివితే సరిపోతుందా? సరిపోదు. సాక్షి చెప్పింది మొత్తం వినాలి, విన్నాక అడ్డ ప్రశ్నలు కూడా వెయ్యాలి. బెజవాడ వకీలుకైనా, హైదరాబాద్ వకీలుకైనా ఇది మొదటి పాఠం. మేం వీరాస్వామయ్యను బోనులో నిలబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగాం. మర్యాదగానే అడిగాం.

మొదటి ప్రశ్న: అయ్యా, మీ జీతం ఎవరిచ్చారు? ఇంగ్లీషు కోర్టు. కాబట్టి ఇంగ్లీషువారి ఇలాకా మీకు చల్లగా, నిజాం ఇలాకా వేడిగా అనిపించడంలో వింత లేదు. ఇంగ్లీషు పాలన మీద ఆయనకు మెప్పు ఉంది. ఆ మెప్పు ఆయన కండ్ల అద్దం. ఆ అద్దం ఉందని తెలిసి చూడాలి.

రెండో ప్రశ్న: ఎక్కడ కూర్చొని చూశారు? పల్లకిలో. దారి పక్క ఊళ్ళు, సత్రాలు, గుళ్ళు, అంగళ్ళు కనిపించాయి. దారికి ఆరు కోసుల అవతలి గూడెం కనిపించలేదు. కనిపించనిదాన్ని లేదనుకోవద్దు.

మూడో ప్రశ్న: ఎవరి కోసం రాశారు? మద్రాసులో తన వంటి చదువరుల కోసం. రేపు అదే దారిన కాశీకి పొయ్యేవాళ్ళ కోసం. అందుకే నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, అంగడి ఎక్కడుంది, దిగడానికి చోటెక్కడ, సుంకం ఎక్కడ కట్టాలి అని అంత ఓపికగా రాశాడు.

నాలుగో ప్రశ్న: అబద్ధం చెప్తే మీకేం లాభం? ఇక్కడ మాత్రం సాక్షి గెలుస్తాడు. నీళ్ళున్న చోట లేవని రాసి ఆయనకు వచ్చేదేం లేదు. అభిప్రాయాల దగ్గర ఆయన్ను అనుమానించాలి. కొలతల దగ్గర, దారుల దగ్గర నమ్మాలి. అడ్డ ప్రశ్నలు వేశాక మా సాక్షి బలహీనపడలేదు. మరింత గట్టివాడయ్యాడు. భయపడి సగం దాచిన మేమే చిన్నబోయాం.

ఇక ఒక ముచ్చట ప్రత్యేకంగా దెందులూరులోనే చెప్పాలి. మీరు వేంగి నేల మీద కూర్చున్నారు. పెదవేగి పక్కనే ఉంది. మీ ఊళ్ళోనూ పాత దిబ్బలున్నాయి. ఆ చరిత్ర మీకు మేం చెప్పనక్కర్లేదు. కానీ ఈ నేల ఒకప్పుడు హైదరాబాద్ నిజాం ఇలాకా అన్న సంగతి మా దిక్కు చాలామందికి తెలియదు, బహుశా మీలోనూ కొందరికి యాదిలో ఉండకపోవచ్చు. ఏలూరు సర్కారు, రాజమండ్రి సర్కారు, ముస్తఫానగర్ సర్కారు, చికాకోల్ సర్కారు. 1766 నవంబర్ 12 నాటి ఒప్పందంతో నిజాం అలీఖాన్ వీటిని ఇంగ్లీషు కంపెనీకి వదిలాడు. ఊరికే వదల్లేదు, ఏటా పేష్కష్ కట్టాలని షరతు. తర్వాత గుంటూరు సర్కారు కూడా 1788లో కంపెనీ చేతికి పోయింది. పేష్కష్ ఏడాదికి 7 లక్షల రూపాయల లెక్కకు వచ్చింది.

అంటే ఈ పొలాల శిస్తులో నుంచి ఒక ముక్క ఏటా హైదరాబాద్ ఖజానాకు పొయ్యేది. ఎప్పటిదాకా? 1823 దాకా. ఆ ఏడాది ఏం జరిగింది? హైదరాబాద్ రాజ్యం అప్పుల్లో కూరుకుపోయింది. ఇంగ్లీషు అధికారుల కింద నడిచే కాంటింజెంట్ సైన్యానికి జీతాలు నిజాం కట్టాలి. ఆ జీతాల కోసం పామర్ కంపెనీ దగ్గర మోయలేని వడ్డీకి అప్పులు. ఆ అప్పు తీర్చడానికి సర్కారు జిల్లాల పేష్కష్ హక్కును శాశ్వతంగా కంపెనీకి అమ్ముకున్నారు. ఎంతకు? 1 కోటి 16 లక్షల 66 వేల 666 రూపాయలకు. ఆ సొమ్ము రైతుకు రాలేదు, అప్పులవాళ్ళకు పోయింది. ఏటా 7 లక్షలు వచ్చే దారి మూసుకుపోయింది. ఆ తర్వాత ఏడేండ్లకు వీరాస్వామయ్య హైదరాబాద్‌లో పల్లకి దిగాడు. ఆయన చూసిన ఆ కల్లోలం వెనక ఈ లెక్క ఉంది. ఆయన రాతను ఈ లెక్క పక్కన పెట్టి చదివితే తప్ప ఆ నగరం ఎందుకు అట్లా ఉందో తెలియదు.

ఆలోచించండి. మీ పొలం శిస్తు మా నగరం ఖజానాకు పోయింది. మా నగరం అప్పుకు మీ పేష్కష్ అమ్ముడుపోయింది. మధ్యలో బాగుపడ్డది మీరూ కాదు, మేమూ కాదు. ఈ ముచ్చట తెలిసి ఉంటే 2013లో టీవీల ముందు కూర్చొని హైదరాబాద్‌ను ఎవరు కట్టారని గొంతులు చించుకునేటప్పుడు ఇద్దరం కొంచెం తగ్గి మాట్లాడేవాళ్ళం. రాష్ట్రం అడగడం తప్పని మేం ఇప్పుడూ అనడం లేదు. రాష్ట్రం అడగడానికి కారణాలు ఉన్నాయి. కొలువులు, నీళ్ళు, నిధులు. ఆ కారణాలు నిజమైనవి కాబట్టే సగం కోసిన సాక్ష్యం మాకు అవసరమే లేకుండె. అవసరం లేని అబద్ధం ఆడినవాళ్ళమయ్యాం.

మా తప్పు ఇంకొకటి ఉంది. అది మా ఇంటి తప్పు. ఎవరి మీదికీ నెట్టలేం. 1830 హైదరాబాద్ గురించి మద్రాసు దుబాసీని ఎందుకు అడగాల్సి వచ్చింది? హైదరాబాద్ కాగితాలు లేకనా? కాదు. తార్నాకలోని ఆర్కైవ్స్‌లో కట్టలు కట్టలుగా ఉన్నాయి. కానీ 1880ల దాకా ఆ రాజ్యం కాగితం ఫార్సీలో నడిచింది. ఆ తర్వాత ఉర్దూ. మా తాతలు ఉర్దూ మీడియంలో చదివారు. మేం ఉర్దూ మాట్లాడతాం, రాయి అంటే రాయలేం. ఫార్సీ సంగతి చెప్పనే వద్దు. మా చరిత్ర మాకు రావాలని వీధుల్లో అరిచాం. వచ్చిన చరిత్రను విప్పి చూస్తే ఒక్క అక్షరం చదవరాదు. మాకూ మా పూర్వులకూ మధ్య ఇప్పుడు ఒక దుబాసీ కావాలి. దీనికంటే సిగ్గు ఏముంటుంది? రాష్ట్రం వచ్చాక చెయ్యాల్సిన మొదటి పనుల్లో ఒకటి ఇది. చెయ్యలేదు. ఇప్పుడు మాలో ఇద్దరం పొద్దున పూట ఫార్సీ అక్షరాలు దిద్దుతున్నాం. ఈ వయసులో అలీఫ్, బే దిద్దుతుంటే ఇంట్లో పిల్లలు నవ్వుతున్నారు. నవ్వనీయండి.

మీ దిక్కు కాగితానిది వేరే కథ. మీ పాత రెవెన్యూ, కోర్టు కాగితం మద్రాసులో ఇంగ్లీషులో ఉంది. చదవగలరు. కానీ అది ఎవరి మాట? మీ రైతు తెలుగులో చెప్పింది, దుబాసీ ఇంగ్లీషులోకి మార్చింది, గుమాస్తా కాగితం మీద పెట్టింది. మీ ముత్తాత గొంతు మూడు చేతులు మారింది. మాకు అక్షరం అడ్డం, మీకు అనువాదం అడ్డం. ఎవరి ఇబ్బంది వాళ్ళది.

ఇంకొక మాట. వీరాస్వామయ్య పల్లకిని మోసింది ఎవరు? బోయీలు. ఆ దారిలో భుజాలు కాయలు కాసినవాళ్ళు వాళ్ళు. పల్లకిలో కూర్చున్నాయనకు పుస్తకం ఉంది. పల్లకి మోసినవాళ్ళకు పుస్తకం లేదు. వాళ్ళు హైదరాబాద్‌ను ఎట్లా చూశారు? గోదావరి రేవులో ఏం మాట్లాడుకున్నారు? వాళ్ళకు ఆ కాశీ ఏం ఇచ్చింది? ఈ ప్రశ్నలు అడగకుండా ఆ పుస్తకాన్ని మూసెయ్యవద్దని మా మనవి.

ఇది మన దగ్గరి కథ ఒక్కటే కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పందొమ్మిదో శతాబ్దపు వకీళ్ళ, అధికారుల జీవితాలను వాళ్ళ మనవల మనవలు ఇవాళ్టికీ కౌంటీ కోర్టుల దస్తావేజుల్లో వెతుకుతుంటారు. అవే దస్తావేజుల్లో నల్లజాతి కుటుంబాలు కూడా తమవాళ్ళను వెతుకుతాయి. ఎందుకంటే వాళ్ళ పూర్వులను పశువులతో, సామానుతో కలిపి యజమాని వీలునామాలో రాశారు. ఒకరికి అది తాతగారి ఆస్తి పత్రం. ఇంకొకరికి అమ్మమ్మ అమ్మ పేరు దొరికే ఒకే ఒక్క చోటు. కాగితం ఒక్కటే, చదివే కండ్లు వేరు. అందుకే కాగితం పోకూడదు. ఎవరిదైనా సరే, మనకు నచ్చనిదైనా సరే.

దెందులూరు మిత్రులారా, ప్రత్యేక రాష్ట్రం అన్న మాట మా సొంతం కాదు. 1972–73లో మీ పెద్దలు జై ఆంధ్ర అన్నారు. అప్పుడు వాళ్ళ కడుపు మంటకు కారణం ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు 1972 అక్టోబర్‌లో ఇచ్చిన తీర్పు. అంతకు ముందు 1969లో మా పెద్దల కడుపు మంటకు కారణం ఆ నిబంధనలు అమలు కాకపోవడం. ఒకే కాగితం ఇద్దరినీ రోడ్డెక్కించింది. ఆ కాగితాన్ని రెండు దిక్కులా పూర్తిగా చదివినవాళ్ళు ఎంతమంది? నినాదం ఇవ్వడానికి ఒక్క వాక్యం చాలు. కలిసి బతకడానికి, విడిపోయి ఇరుగుపొరుగుగా బతకడానికి కూడా, పేజీ మొత్తం చదవాలి.

మీకు ఒక విన్నపం. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో, ఏలూరులో, గూడెంలో, కొల్లేటి అంచు పల్లెల్లో పాత ఇళ్ళు ఉన్నాయి. కొన్ని కరణాల ఇళ్ళు. 1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. లెక్కల కట్టలు కొన్ని ఆఫీసులకు పోయి ఉంటాయి, కొన్ని అటక మీదే ఉండిపోయి ఉంటాయి. కొన్ని పాత వకీళ్ళ ఇళ్ళు. కేసు ముగిసింది, వకీలు పోయాడు, కట్ట మిగిలింది. దాన్ని పాత పేపర్లవాడికి తూకానికి వెయ్యకండి. కిలోకు వచ్చే పది రూపాయలు ఎక్కడికీ రావు. ఆ కట్టలో మీ ఊరి చెరువు హద్దు ఉండవచ్చు. ఒక కూలి మనిషి వేలిముద్ర ఉండవచ్చు. ఒక ఆడబిడ్డ తన పొలం కోసం వేసిన దావా ఉండవచ్చు. దిగవల్లి శివరావు గారికి ఆ పాత పుస్తకం ఎవరో ఒకరు దాచి ఉంచితేనే కదా దొరికింది. దాచినవాళ్ళ పేరు చరిత్రలో ఉండదు. చరిత్ర మాత్రం వాళ్ళ వల్లే ఉంటుంది.

చివరగా ఆ కార్డు సంగతి. అది జేబులో పెట్టుకొని మాస్టారిని వెతుక్కుంటూ మీ మండలానికి వచ్చాం. ఆయన ఇల్లు దొరికింది. ఆయన దొరకలేదు. నాలుగేండ్ల కిందట పోయారని ఇంటివాళ్ళు చెప్పారు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఆయన చదివిన కాశీయాత్ర చరిత్ర ప్రతిని చూపించారు. అట్ట ఊడిపోయింది. హైదరాబాద్ ఉన్న పేజీల దగ్గర పెన్సిలుతో గీతలు ఉన్నాయి. మేం వాడుకున్న చోట గీత ఉంది. మేం వదిలేసిన చోట కూడా గీత ఉంది. ఆయన రెండూ గీశారు. పుస్తకం పట్టుకొని కొంతసేపు ఏం మాట్లాడలేకపోయాం.

ఆయన బతికుండగా చెప్పాల్సిన మాట ఆయన ఊళ్ళో మీ అందరి ముందు చెప్తున్నాం. మాస్టారూ, మీరు రాసింది నిజం. తరువాతి పేజీ మేం దాచాం. ఆ కార్డును ఈ ప్రసంగంతో పాటు మా పత్రికలో అచ్చు వేస్తున్నాం. ఇంటివాళ్ళు కోరినందువల్ల ఆయన పేరు వెయ్యడం లేదు. దాని పక్కనే వీరాస్వామయ్య హైదరాబాద్ గురించి ఏం చెప్పాడో, మేం చెప్పిందీ, చెప్పనిదీ, రెండూ వివరంగా ఇస్తున్నాం. కోపం వచ్చేవాళ్ళకు రావచ్చు. ఉద్యమ పత్రిక అంటే ఉద్యమం గెలవడానికి ఏదైనా రాసే పత్రిక కాదు. గెలిచాక కూడా తలెత్తుకొని చదవగలిగే పత్రిక కావాలి.

  ఇక ప్రశ్నలు వెయ్యండి. అడ్డ ప్రశ్నలైనా సరే, మేం బోనులోనే ఉన్నాం.